హార్వర్డులో హెబ్రీ పాఠం

మతబోధకుడు కాబోయే యువకుడికి కళాశాలలో ఏమి నేర్పాలి? ఈ ప్రశ్నకు పదిహేడో శతాబ్దపు ఉత్తర అమెరికాలో వచ్చిన మొదటి జవాబుల్లో ఒకటి హెబ్రీ భాష. క్రైస్తవ బోధకుడికి యూదుల భాష ఎందుకు అన్న సందేహం మీకు కలగవచ్చు. ఆ సందేహం వెంట వెళితే దాదాపు మూడు శతాబ్దాల విద్యాచరిత్ర కనిపిస్తుంది.

మసాచుసెట్స్ వలసప్రాంతంలో 1636లో హార్వర్డు కళాశాల ఏర్పడింది. ఇంగ్లండు నుంచి వచ్చిన బోధకులు కాలం చేస్తే, చదువురాని వారి చేతుల్లోకి చర్చిలు వెళ్తాయేమోనన్న భయం ఆ స్థాపనకు ఒక ముఖ్య కారణం. ఆ వలసదారులు ప్యూరిటన్లు. బైబిలును మూలభాషల్లో చదవాలన్నది వారి పట్టుదల. 1640లో కళాశాల అధ్యక్షుడైన హెన్రీ డన్‌స్టర్ హెబ్రీతోపాటు దానికి దగ్గరి బంధువులైన అరమాయిక్, సిరియాక్ భాషలను కూడా పాఠ్యప్రణాళికలో పెట్టాడు. అదే సంవత్సరం ఆ వలసప్రాంతంలో అచ్చయిన మొదటి పుస్తకం కూడా హెబ్రీ మూలం నుంచి నేరుగా ఇంగ్లీషు చేసిన కీర్తనల గ్రంథమే.

ఇక్కడ కాసేపు భాష దగ్గర ఆగుదాం. హెబ్రీ లిపి కుడినుంచి ఎడమకు నడుస్తుంది. అక్షరాలు 22, అన్నీ హల్లులే. చాలా మాటలకు మూడు హల్లుల ధాతువు మూలం. క-త-బ అనే ధాతువును తీసుకోండి. 'కాతవ్' అంటే రాశాడు, 'కొతేవ్' అంటే రాస్తున్నవాడు, 'మిఖ్తావ్' అంటే ఉత్తరం. (అచ్చు తర్వాత 'బ' శబ్దం మెత్తబడి 'వ'గా పలుకుతుంది.) ఈ ధాతువు మనకు కొత్తది కాదు. మన 'కితాబు' అరబ్బీ నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన మాట. ఉర్దూ పత్రికల పేజీలను చేతిరాతతో సిద్ధం చేసేవారిని 'కాతిబ్' అనేవారు. అరబ్బీ, హెబ్రీ ఒకే భాషాకుటుంబానివి కనుక వేరు కూడా ఒకటే. హైదరాబాదులో వినే 'సలాం', యెరూషలేములో వినే 'షాలోం' కూడా ఇలాంటి తోబుట్టువులే.

మూడు హల్లుల మధ్య ఏ అచ్చు పలకాలో లిపి చెప్పదు. మరి పాఠకుడికి ఎలా తెలియాలి? తరతరాలుగా బిగ్గరగా చదువుతూ వచ్చిన యూదుల నోటినుంచే తెలియాలి. క్రీస్తుశకం మొదటి సహస్రాబ్ది ద్వితీయార్ధంలో మసోరెట్లు అనే యూదు పండితులు ఆ పఠన సంప్రదాయాన్ని చుక్కలు, గీతలతో అక్షరాల పైనా కిందా గుర్తించారు. అంటే హెబ్రీ బైబిలు తెరిచిన ఏ క్రైస్తవ విద్యార్థి అయినా, తెలిసో తెలియకో, యూదు గురుపరంపర దగ్గర పాఠం వింటున్నట్టే. నా దృష్టిలో ఈ చరిత్రకు ఇదే కీలకం.

అర్థాల దగ్గర చిక్కు ఇంకా పెరుగుతుంది. 'రూఅహ్' అనే మాటకు గాలి, ఊపిరి, ఆత్మ అనే మూడు అర్థాలూ ఉన్నాయి. ఆదికాండం రెండో వచనంలో నీళ్ల మీద కదిలింది దేవుని ఆత్మా, దేవుడు పంపిన గాలా? అనువాదకుడు ఒకటి ఎంచుకోక తప్పదు. యెషయా గ్రంథం ఏడో అధ్యాయంలో 'అల్మా' అనే మాట యువతిని సూచిస్తుంది. ప్రాచీన గ్రీకు అనువాదంలో దానికి కన్య అనే అర్థమిచ్చే మాట వాడారు. ఆ ఒక్క మాట మీద యూదులకూ క్రైస్తవులకూ మధ్య శతాబ్దాలపాటు వాదం నడిచింది. అసలు గ్రంథం పేరే వేరు. క్రైస్తవులు పాత నిబంధన అనేదాన్ని యూదులు 'తనఖ్' అంటారు. పుస్తకాల వరుస కూడా ఒకటి కాదు. మనకు పరిచితమైన క్రైస్తవ ప్రతులు మలాకీతో ముగిస్తే, అచ్చయిన తనఖ్ సాధారణంగా దినవృత్తాంతాలతో ముగుస్తుంది. ఒకటి రాబోయేవాడికోసం ఎదురుచూపుతో, మరొకటి యెరూషలేముకు తిరిగి వెళ్లమన్న పిలుపుతో ఆగుతాయి. ముగింపు మారితే కథ మారదా?

ఇప్పుడు హార్వర్డుకు తిరిగి వెళదాం. జూడా మోనిస్ 1683లో జన్మించిన యూదుడు. న్యూయార్కు మీదుగా బోస్టను ప్రాంతానికి వచ్చి, తాను రాసిన హెబ్రీ వ్యాకరణం రాతప్రతిని 1720లో కళాశాల ముందు పెట్టాడు. కళాశాల అతనికి ఎం.ఎ. పట్టం ఇచ్చింది. అమెరికా వలసప్రాంతాల్లో కళాశాల పట్టం పొందిన మొదటి యూదుడు అతనే. అయితే పట్టం వేరు, ఉద్యోగం వేరు. క్రైస్తవుడు కానివాడికి అక్కడ బోధించే అవకాశం లేదు. 1722 మార్చి 27న కళాశాల సభామందిరంలోనే, అందరి ఎదుట, మోనిస్ బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్ని వారాలకే హెబ్రీ బోధకుడిగా నియామకం వచ్చింది. మనసా మారాడా, ఉద్యోగం కోసం మారాడా అని అప్పుడే అనుమానించినవారున్నారు. తన మార్పును సమర్థించుకుంటూ అతను మూడు వ్యాసాలు అచ్చు వేయించాడు. శనివారపు విశ్రాంతిదినాన్ని మాత్రం విడిచిపెట్టలేదని చెప్పుకునేవారు.

పాఠాలు కష్టంగానే సాగాయి. పాఠ్యపుస్తకం లేదు. ప్రతి విద్యార్థీ మోనిస్ వ్యాకరణాన్ని చేత్తో ఎత్తి రాసుకోవాలి. ఆ పనికే వారాలు పట్టేది. చివరికి లండన్ నుంచి హెబ్రీ అచ్చు అక్షరాలు తెప్పించి 1735లో బోస్టనులో పుస్తకం అచ్చువేశారు. ఉత్తర అమెరికాలో అచ్చయిన మొదటి హెబ్రీ పాఠ్యపుస్తకం అదే. అయినా విద్యార్థులకు ఆసక్తి కలగలేదు. ఇందులో వారి తప్పు ఎంతో నాకు అనుమానమే. సూత్రాలు బట్టీపట్టించి ప్రయోగశాల తలుపు తెరవని సైన్సు పాఠం కూడా ఇలాగే ఉంటుంది. మోనిస్ 1760 వరకు, అంటే 38 ఏళ్లు బోధించాడు. ఆచార్యుడనే హోదా మాత్రం అతనికి ఎన్నడూ దక్కలేదు. 1764లో మరణిస్తూ పేద బోధకుల విధవల సహాయానికి కొంత సొమ్ము రాసిపెట్టాడు.

మోనిస్ పాఠాలు చెబుతున్న ఆ సంవత్సరాల్లోనే మన మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ పాత నిబంధనను హెబ్రీ మూలం నుంచి తెలుగులోకి తెస్తున్నాడు. ఆ పని 1732 నాటికి పూర్తయినా అచ్చు కాలేదు. భారతదేశంలో ఈ చదువుకు కళాశాల రూపం 1818లో స్థాపించిన శ్రీరాంపూర్ కళాశాలతో వచ్చింది. హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజి అనుబంధంగా ఉన్నది ఆ శ్రీరాంపూర్ వ్యవస్థకే.

అమెరికాలో మరో రకం గురుశిష్యులు కూడా ఉన్నారు. న్యూపోర్టు పట్టణంలో క్రైస్తవ బోధకుడైన ఎజ్రా స్టైల్స్ దాదాపు నలభై ఏళ్ల వయసులో హెబ్రీ మొదలుపెట్టాడు. ఆ ఊరి యూదు ప్రార్థనామందిరానికి వెళ్లి వినేవాడు. 1773లో హెబ్రోను నుంచి వచ్చిన రబ్బీ హయీం కారిగాల్‌తో స్నేహం చేసి, కూర్చుని లేఖనాలు చర్చించాడు. ఎవరూ మతం మారలేదు. 1778లో యేల్ కళాశాల అధ్యక్షుడయ్యాక స్టైల్స్ మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ తానే హెబ్రీ చెప్పసాగాడు. పరలోకంలో మొదట వినిపించేది ఈ కీర్తనలే, అక్కడ నా శిష్యులు తెల్లమొహం వేస్తే నాకు సిగ్గుచేటు అన్న ధోరణిలో మాట్లాడేవాడట! అంత ఉత్సాహమున్నవాడికీ 1790లో ఆ పాఠాన్ని ఐచ్ఛికం చేయక తప్పలేదు. హార్వర్డు అంతకు మూడేళ్ల ముందే నిర్బంధాన్ని సడలించింది. యేల్ ముద్రికపై హెబ్రీ అక్షరాలు నేటికీ ఉన్నాయి.

యూదులు తమ రబ్బీలకు తామే శిక్షణనిచ్చే స్థిరమైన కళాశాల అమెరికాలో 1875లో సిన్సినాటిలో వెలిసింది. దాని పేరు హీబ్రూ యూనియన్ కాలేజి. ఇక హార్వర్డులో మోనిస్ బాప్తిస్మం జరిగిన 203 ఏళ్లకు, 1925లో, హెబ్రీ సాహిత్యం, తత్త్వశాస్త్రాలకు ఒక ఆచార్యపీఠం ఏర్పడింది. దాన్ని అలంకరించిన హారీ ఉల్ఫ్‌సన్ యూదుడు. ఆ పదవికోసం అతను తన మతం విడిచిపెట్టనవసరం రాలేదు. 1958 వరకు ఆ పీఠంలో ఉన్న ఉల్ఫ్‌సన్ యూదు తాత్త్వికుడు ఫైలో మీద, తొలి క్రైస్తవ సంఘపితల మీద, ఇస్లాం కలాం తత్త్వం మీద ఒక్కొక్క ఉద్గ్రంథం రాశాడు. చివరిది అతని మరణానంతరం 1976లో వెలువడింది.