పెయింట్ స్ప్రేయర్ కథ: టైటానిక్‌లో పోయిన ఆర్టిస్ట్ నుంచి మా నాన్న బొటనవేలి దాకా

ఈరోజు ఎపిసోడ్ తెనాలిలో మా ఇంటి ప్రహరీ గోడ దగ్గర పుట్టింది. సంక్రాంతికి రంగులు వేద్దామని చిన్న ఎయిర్‌లెస్ స్ప్రేయర్ ఒకటి కొన్నాను. సగం గోడ అయ్యేసరికి టిప్ బ్లాక్ అయింది. గన్ నాన్న చేతిలో ఉంది. ఆయన పెన్ను పాళీ తుడిచినట్టు బొటనవేలితో టిప్ తుడవబోయారు. మోటార్ ఆన్‌లోనే ఉంది, ట్రిగ్గర్‌కి లాక్ లేదు. "నాన్నా, చెయ్యి తియ్!" అని నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు బయటికొచ్చేశారు.

"ఏంట్రా, రంగే కదా" అన్నారాయన.

రంగే. కానీ ఒక లెక్క చెప్తా వినండి. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేది సుమారు 15 పీఎస్‌ఐ దగ్గర. కారు టైర్‌లో గాలి 30, 35 ఉంటుంది. ఈ మెషీన్‌లో టిప్ వెనక ఆగి ఉన్న రంగు ప్రెషర్ మోడల్‌ని బట్టి 3000 దాకా పోతుంది. అంటే 200 కుక్కర్లు. గోడకి రంగెయ్యడానికి ఇంత ప్రెషర్ ఎందుకు కావాల్సొచ్చింది? అదే ఈరోజు కథ.

1887, చికాగో. మార్షల్ ఫీల్డ్ అని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్. అక్కడ మెయింటెనెన్స్ చూసే జోసెఫ్ బింక్స్‌కి బేస్‌మెంట్ గోడలన్నిటికీ తెల్ల సున్నం కొట్టించే పని పడింది. కుంచెతో అయితే ఎన్నాళ్లకి తెమిలేను? చేత్తో కొట్టే పంపు ఒకటి తయారు చేశాడు. ఒకడు పంపు కొడుతుంటే ఇంకొకడు గొట్టంతో చల్లుకుంటూ పోవడమే.

ఆరేళ్ల తర్వాత అదే చికాగోలో ప్రపంచ ఎగ్జిబిషన్. 1893. అమ్మో, ఆ బిల్డింగుల సైజు చూడాలి! టైమేమో లేదు. కలర్ డిపార్ట్‌మెంట్ బాధ్యత ఫ్రాన్సిస్ మిల్లెట్ అనే ఆర్టిస్ట్‌కి అప్పగించారు. గొట్టానికి నాజిల్ తగిలించి, కరెంటు పంపు పెట్టి, బిల్డింగులకి బిల్డింగులే తెల్లగా కొట్టించేశాడు. జనం ఆ ఊరిని "వైట్ సిటీ" అన్నారు. ఈ మిల్లెట్ 1912లో టైటానిక్ ఎక్కాడు. తిరిగి రాలేదు. సినిమా వందసార్లు చూసినవాళ్లకి కూడా ఈ పాయింట్ తెలియదు, పందెం!

తర్వాత గాలి వచ్చింది. ఓహాయోలోని టోలిడోలో అలెన్ డివిల్బిస్ అని ఒక డాక్టర్. గొంతులో మందు చల్లడానికి బుడ్డి లాంటి స్ప్రేయర్ చేశాడు. ఆయన కొడుకు థామస్ 1907లో అదే ఐడియాతో పెయింట్ స్ప్రే గన్ చేశాడు. కార్ల ఫ్యాక్టరీలు దాన్ని ఎగరేసుకుపోయాయి. పెయింటర్ల యూనియన్లు మాత్రం 1920ల్లో గట్టిగా ఎదురు తిరిగాయి. పని పోతుందన్న భయం ఒకటి. ఇంకోటి ఊపిరి. గాలితో కొడితే రంగు మంచులా లేచి ముక్కులోకి పోతుంది, అప్పటి రంగుల్లో సీసం. మనం వాళ్లని టెక్నాలజీకి అడ్డుపడ్డవాళ్లని తేలిగ్గా తీసిపారేస్తాం కానీ, వాళ్ల భయం కరెక్టే. ఇళ్ల లోపల సీసం తెలుపు వాడకాన్ని కట్టడి చేస్తూ జెనీవాలో అంతర్జాతీయ ఒప్పందం 1921లోనే వచ్చింది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూల్ అమల్లోకొచ్చింది 2017 నవంబర్‌లో. 96 ఏళ్ల గ్యాప్. సర్లెండి.

ఆ మంచు తగ్గాలంటే గాలినే తీసేయాలి. నాకు బాగా నచ్చిన పార్ట్ ఇదే, ఎందుకంటే డీజిల్ ఇంజన్ కూడా సరిగ్గా ఇదే దారిలో నడిచింది. రుడాల్ఫ్ డీజిల్ మొదటి ఇంజన్లలో ఇంధనాన్ని కంప్రెస్ చేసిన గాలితో లోపలికి ఊదేవారు. తర్వాత గాలి తీసేసి, ఇంధనాన్నే విపరీతమైన ప్రెషర్‌తో సన్నటి రంధ్రం గుండా తోశారు. బాష్ కంపెనీ అలాంటి పంపుల్ని 1927లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలెట్టింది. రంగుల్లో ఆ మార్పు 1950ల్లో వచ్చింది. ఓహాయోలో నార్డ్సన్ వాళ్లు వేడి రంగుని గాలి లేకుండా కొట్టే పద్ధతి పేటెంట్లు 1954లో తీసుకున్నారు. మినియాపొలిస్‌లో గ్రాకో కూడా ఈ దారికొచ్చింది. ఆ కంపెనీ 1926లో పుట్టిందే గ్రీజు పంపులతో. అక్కడి చలికి గ్రీజు గడ్డకట్టి చేతి పంపులు పనిచేసేవి కాదు మరి.

ఇప్పుడు నాన్న వేలి దగ్గరికొద్దాం. 1937లో ఒక అమెరికన్ మెడికల్ జర్నల్‌లో ఒక కేసు వచ్చింది. డీజిల్ ఇంజెక్టర్ నుంచి వచ్చిన ఇంధనం ఒక వర్కర్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయింది. అంటే ఎయిర్‌లెస్ పెయింట్ గన్ పుట్టకముందే దాని ప్రమాదం రికార్డయి ఉంది! మోసం ఎక్కడంటే, బయటికి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది. మొదట్లో పెద్ద నొప్పి కూడా ఉండకపోవచ్చు. కట్టు కట్టుకుని ఇంటికి పోతారు. లోపల రంగు వేలి పొడవునా పాకిపోతుంది. గంటలు గడిస్తే వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే కట్టు కాదు, వెంటనే సర్జన్ ఉన్న హాస్పిటల్‌కి పోవాలి. ఏ రంగో చూపించడానికి డబ్బా కూడా పట్టుకెళ్లాలి.

ఆ రాత్రి నేనూ ఒక తప్పు చేశాను. అలిసిపోయి మెషీన్ కడక్కుండా పడుకున్నా. పొద్దున మోటార్ "గుయ్" అంటోంది, రంగు లాగట్లేదు. నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఫుట్ వాల్వ్ పట్టేసింది." పొలం మోటార్లతో ముప్పై ఏళ్లు కుస్తీ పట్టిన మనిషి! నిజంగా అదే. అడుగున ఇన్లెట్ దగ్గర చిన్న గోళీ ఉంటుంది. పిస్టన్ లాగితే లేచి రంగుకి దారిస్తుంది, తోస్తే కూర్చుని మూస్తుంది. పిస్టనూ వాల్వులూ ఉన్న పంపు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టెసిబియస్ చేసిందే. పేరు మారింది, గోళీ వచ్చింది, అంతే.

ముందు స్విచ్ ఆఫ్, ప్లగ్ పీకేశాం. నాబ్ ప్రైమ్ వైపు తిప్పి, గన్‌ని బకెట్‌లోకి నొక్కి మిగిలిన ప్రెషర్ వదిలేశాం. ట్రిగ్గర్ లాక్. సక్షన్ ట్యూబ్ విప్పి, పెన్సిల్ వెనక వైపుతో గోళీని నెమ్మదిగా తోశాను. "టక్" అంది. భలే హాయిగా అనిపించింది. ఎమల్షన్ కాబట్టి గోరువెచ్చటి నీళ్లు సరిపోయాయి. ఎనామిల్ అయితే టర్పెంటైన్ కావాల్సొచ్చేది. నీళ్లతో పోయే రంగు ఇళ్లలోకి వచ్చింది 1940ల్లో, షెర్విన్ విలియమ్స్ వాళ్ల కెమ్‌టోన్ 1941లో అమ్మకానికొచ్చాక. గన్ పిడిలో ఫిల్టర్‌ని పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. టిప్‌లో పిన్నీసు మాత్రం పెట్టలేదు, ఆ రంధ్రం పాడైతే టిప్ పారేయడమే. మా టిప్ మీద 517 అని ఉంది. మొదటి 5ని రెట్టింపు చేస్తే 10, అంటే గోడకి అడుగు దూరం నుంచి 10 అంగుళాల వెడల్పు పడుతుంది. 17 అంటే రంధ్రం అంగుళంలో వెయ్యో వంతులు 17. దాన్ని తిరగేసి బకెట్‌లోకి ఒక్కసారి నొక్కితే అడ్డుపడ్డ రంగు గడ్డ ఎగిరిపోయింది.

మధ్యాహ్నానికి రెండో కోటింగ్ అయిపోయింది. గేటు మాత్రం నాన్న కుంచెతోనే వేశారు. గన్ నాకు తిరిగి ఇచ్చేముందు లాక్ వేశారో లేదో రెండుసార్లు చూసుకున్నారు.