నెయ్యూరు వైద్యశాలయు కడుపుపుండును

1922వ సంవత్సరమున ఎవరెస్టు నధిరోహింపబోయి విఫలమనోరథులై మరలిన బృందములోని ఆంగ్లేయ శస్త్రవైద్యుడు హోవర్డు సోమర్వెల్, స్వదేశమునకు పోవుటకు ముందు దక్షిణదేశమును గూడ చూడగోరి తిరువాన్కూరు సంస్థానమునకు వచ్చి, నాగర్‌కోయిలు చేరువనున్న నెయ్యూరు మిషను వైద్యశాలలో రోగుల బారును, వారిని చూడవలసిన వైద్యుల కొరతను గాంచి, లండనులో సుగమముగా సాగగల వృత్తిని త్యజించి అచ్చటనే పనిచేయ నిశ్చయించుకొనెను. లోక మాయనను పర్వతారోహకునిగనే స్మరించుచున్నది. శస్త్రవైద్యచరిత్ర నెఱిగినవారికి మాత్రము ఆ పేరు వినగానే కడుపుపుండు జ్ఞప్తికి వచ్చును.

ఆ ప్రాంతమున నాడు ఆ వ్యాధి యంత ప్రబలముగా నుండెను. పుండు జీర్ణాశయమున కంటె దాని దిగువనున్న ఆంత్రమూలముననే యధికముగా పడెడిది. భుజించిన కొన్ని గంటలకు, అన్నము జీర్ణమగువేళ పుట్టు ఇట్టి నొప్పిని మాధవనిదానము పరిణామశూల యని యెన్నడో వర్ణించినది. రోగులలో పెక్కురు ఏండ్ల తరబడి దాని ననుభవించి, పుండు మచ్చకట్టి ప్రేగుదారి మూసికొనిపోయి, తిన్నదెల్ల వాంతియగు దశలో వచ్చెడివారు. చికాగో వైద్యుడు సిప్పీ 1915లో ప్రచారమునకు దెచ్చిన పథ్యమును, అనగా గంటగంటకు పాలును మీగడయు, నడుమ క్షారచూర్ణమును, కర్రపెండలముతో పొట్టపోసికొను కూలివానికి విధించుట పరిహాసము గాక మఱేమి! కావున కత్తియే శరణ్యమయ్యెను. జీర్ణాశయమునకు రంధ్రము చేసి చిన్నప్రేగుతో కలిపి కుట్టి, అన్నము పుండును తాకక వేఱుదారిని పోవునట్లు చేసెడివారు. ఈ విద్యలో గడించిన అనుభవమునే సోమర్వెల్ 1948లో గ్రంథముగా వెలువరించెను.

మఱి కారణమో? ఆమ్లము లేనిదే పుండు లేదని 1910లోనే ష్వార్జ్ అను వైద్యుడు చాటెను. కాని ఆమ్లము అందఱి కడుపులలోను ఉన్నదే. కూనూరు పరిశోధనాలయమున మెకారిసన్ అను వైద్యుడు ఎలుకలకు తిరువాన్కూరు పేదల తిండి పెట్టి చూడగా కొన్నింటికి కడుపున పుండ్లు పడినవి; పంజాబు తిండి తిన్నవి క్షేమముగా నుండినవి. నేరమంతయు తిండిపై పడెను.

1975లో సోమర్వెల్ మరణించిన ఏడేండ్లకు, ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున వారెన్, మార్షల్ అనువారు జీర్ణాశయపు పొరయందు వసించు వంకర సూక్ష్మజీవి నొకదానిని పెంచి చూపిరి. పుండునకు మూల మదియే యని నమ్మనివారిని నమ్మించుటకై మార్షల్ 1984లో దానిని తానే త్రాగి జబ్బుపడెను. (ఇట్టి తెగువ కొండలెక్కువారికే చెల్లు ననుకొందుము!) కత్తితో పనిలేక కొలది వారముల మందులతో పుండు మానసాగెను. అయినను నెయ్యూరు ప్రశ్న పూర్తిగ తీరలేదు: ఆ సూక్ష్మజీవి ఉత్తరదేశీయుల కడుపులలోను అంతే విరివిగా నుండగా, పుండు మాత్రము వరియన్నమును, కర్రపెండలమును తిను దక్షిణాదివారిలో నేల హెచ్చైనదో చెప్పుటకు అది యొక్కటియే చాలదు, అందుచేతనే కూనూరు ఎలుకల సాక్ష్యమును పరిశోధకులు పూర్తిగ త్రోసిపుచ్చలేకపోయిరి.