ట్యూబులైటు చోకు చరిత్రము



ట్యూబులైటు నెఱుగనివారు నేడు లేరు. దాని పట్టీలో దాగియుండు చోకు నెఱిగినవారు కొలదిమంది. ఆ చోకు తినునదెంత యని విచారించినవారు మఱింత కొలది. ఐనను ఆ చిన్న పరికరమునకు వినదగిన చరిత్రము కలదు.

గొట్టములో పాదరసపు టావిరి యుండును. దానిగుండ విద్యుత్తు పాఱ నారంభించినచో, ప్రవాహము హెచ్చినకొలది అడ్డు తగ్గిపోవును. చెఱువుకట్టకు గండి పడినపుడు నీరు పోయినకొలది గండి పెద్దదగుట మీరు చూచినదే. నీటిని మితములో విడుచుటకు తూము వలసినట్లు, ఈ దీపమునకు చోకు వలసినది. అమెరికాలో 1938లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఈ దీపములను విక్రయమునకు తెచ్చినది. ఇనుపరేకుల దొంతికి రాగితీగ చుట్టిన చోకు చిరకాలము వాటికి తోడుగా నుండెను.

అది గట్టిది, చవుకైనది. కాని వేడెక్కును, రొద చేయును. 40 వాట్ల గొట్టములు రెండు వెలుగుటకు అచట 96 వాట్లు పట్టుచుండెను. కాలువనీరు పొలము చేరకముందే యింకిపోయినట్లు, 16 వాట్లు చోకులోనే వేడియై పోవుచుండెను. విద్యుత్తు చవుకగా నున్నంతకాలము ఈ నష్టమును లెక్కించినవారు అరుదు.

1973లో చమురు కఱవు వచ్చినపిమ్మట లెక్క మొదలైనది. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో శామ్ బెర్మన్ ప్రభృతులు ప్రభుత్వ ధనముతో ఎలక్ట్రానిక్ చోకును ముందునకు తెచ్చిరి. అమెరికాలో ఇంటికి వచ్చు విద్యుత్తు సెకండునకు 60 ఆవృత్తులు చేయును. ఈ చోకు దానిని 20,000కు పైబడిన ఆవృత్తులుగా మార్చును. ఆ వేగమున దీపము తక్కువ విద్యుత్తుతోనే అంత వెలుగు నిచ్చును. మిణుకు కనబడదు, రొద వినబడదు. రెండు గొట్టములకు 72 వాట్లు చాలును. పేరుమోసిన చోకు కంపెనీలు వెనుదీయగా చిన్న సంస్థలు పని కందుకొనెను. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక విద్యుత్ సంస్థ కార్యాలయమున పరీక్షింపగా ఆదా నిజమేయని తేలెను.

ఐనను జనము వెంటనే కొనలేదు. వెల హెచ్చు, తొలినాటి చోకులు కొన్ని త్వరగా చెడెను. అంతకంటె పెద్ద కారణ మొకటి కలదు. కార్యాలయములలో సామాను కొనువా డొకడు, విద్యుత్తు బిల్లు చెల్లించువాడు వేఱొకడు. కొనువానికి కనబడునది వెల యొక్కటే. కావుననే అమెరికా 1988లో చోకుల పనితనమునకు శాసనముచే కనీసపు హద్దు విధించినది.

లెక్కలు బోధించినవాడను గావున ఒక లెక్క చెప్పెదను. ఒక కార్యాలయమున ఇట్టి జంటలు 100 కలవనుకొందము. జంటకు 24 వాట్లు మిగులును. దినమునకు 10 గంటలు వెలిగినచో 24 యూనిట్లు. ఏటికి 300 పనిదినములలో 7,200 యూనిట్లు. వెలలోని భేదమును దీనితో తూచి చూడవలెను.

నేడు ఎల్.ఇ.డి. దీపములు వచ్చి గొట్టముల స్థానము నాక్రమించుచున్నవి. వాటికిని లోపల విద్యుత్తును మితపఱచు పరికరము కలదు. కావున పాతప్రశ్న పోలేదు. ఎద్దును కొనువాడు ధరతోపాటు మేతను గూర్చియు అడుగును. బడికైనను పంచాయతీ కచేరీకైనను దీపములు కొనునపుడు మనమును అట్లే అడుగుదము.