చెరిపిన వ్రాత చెరిగినదా?

వ్రాత నేర్చిన నాటినుండియు మానవునకు రెండు కోరికలు కలవు. వ్రాసినది నిలిచియుండవలె ననుట యొకటి. వలదనుకొన్నప్పుడు అది మాసిపోవలె ననుట రెండవది. మొదటి కోరికను గూర్చి చరిత్రకారులు విరివిగా వ్రాసియున్నారు. రాతిపలక, రాగిరేకు, తాటాకు, కాగితము, వీని కథ మీరెల్లరు నెరిగినదే. రెండవ కోరిక కథ అంతగా ప్రచారమునకు రాలేదు. నేటి ప్రసంగమునందు దానినే ముచ్చటింతును. ఇది పండితుల వినోదమునకు మాత్రమే చెందినది కాదు. మీ పట్టాదారు పాసుపుస్తకమునకును, ఆధారు కార్డునకును, మీ యింటివారి ఆసుపత్రి కాగితములకును దీనితో సంబంధము కలదు.

పూర్వము మన వర్తకులు కడితములను వాడెడివారు. గుడ్డకు చింతగింజల జిగురును, బొగ్గుపొడిని పట్టించి నల్లని పలకవలె చేసి, దానిపై బలపముతో లెక్కలు వ్రాసి, పని తీరిన పిమ్మట తుడిచి మరల వ్రాసెడివారు. తాటాకు అట్టిది కాదు. గంటముతో ఆకును గీసిన గీత తుడిచిన పోదు. ఆకునే అగ్నికి ఆహుతి చేయవలెను. కనుక ఏ వ్రాత ఎట్లు మాయునో నిర్ణయించునది వ్రాసిన వాని ఇచ్ఛ కాదు, వ్రాత నిలిచిన వస్తువు యొక్క స్వభావము. ఈ సూత్రమును మనస్సునందుంచుకొనిన, తరువాతి కథ అంతయు సులభముగా బోధపడును.

చెరిపితిమని తలచిన వ్రాత తిరిగి వెలువడిన ఉదాహరణములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆర్కిమెడీసు గ్రంథము. గ్రీకు గణితశాస్త్రజ్ఞుడైన ఆర్కిమెడీసు రచనలను 10వ శతాబ్దమున ఒక లేఖకుడు తోలుపుటలపై వ్రాసి యుంచెను. 1229వ సంవత్సరమున వేరొకరు ఆ పుటలను గీకి, కడిగి, వానిపై ప్రార్థనలను వ్రాసికొనిరి. పాత వ్రాత నశించినదనియే తలచిరి. కాని 1906లో హైబర్గు అను డెన్మార్కు పండితుడు కాన్‌స్టాంటినోపిలు నగరమున ఆ పుస్తకమును పరీక్షించి, ప్రార్థనల అడుగున మసకగా కనబడు అక్షరములను గుర్తించెను. 1999 తరువాత అమెరికాలోని శాస్త్రజ్ఞులు వివిధ వర్ణముల కాంతితోను, ఎక్స్ కిరణములతోను ఆ పుటలను పరిశీలించి, అతనికిని కానరాని భాగములను చదివిరి. ఏడు వందల సంవత్సరములకు పైగా కప్పబడిన వ్రాత మరల లోకమునకు దక్కినది. అచ్చట అది లోకమునకు లాభమే. కాని దాచుకొనవలసిన వ్రాత అట్లే బయటపడినచో లాభము ఎవరికి?

ఇక మన కాలపు యంత్రమునకు వత్తము. 1938 అక్టోబరు 22వ తేదీన న్యూయార్కు నగరమునందలి ఆస్టోరియా అను పేటలో చెస్టరు కార్ల్‌సను అనునతడు సిరా లేకయే, విద్యుచ్ఛక్తి సహాయముచే పొడిని కాగితమున కంటించి నకలు తీయు పద్ధతిని సాధించెను. ఆ పద్ధతి ననుసరించి 1959లో జిరాక్సు 914 అను యంత్రము వెలువడెను. ఆ సంస్థ పేరే నేడు మన పల్లెలలో నకలునకు మారుపేరై, ‘రెండు జిరాక్సులు తీయించుకొని రండు’ అను మాట ప్రతి కచేరిలోను వినబడుచున్నది.

ఆ తొలి యంత్రమునకు జ్ఞాపకము లేదు. కాగితపు బింబము ఒక దొల్లుపై పడి, పొడి నంటించుకొని, నకలుగా దిగిన వెంటనే దొల్లు శుభ్రమగుచుండెను. అద్దమున నిలిచిన ముఖము మనిషి తొలగగానే పోవునట్లు ఆ బింబము పోయెడిది. యంత్రమునకు లేని జ్ఞాపకమును కల్పించుటకు అమెరికా గూఢచారులు చేసిన ప్రయత్నము చిత్రమైనది. 1960 తరువాత వాషింగ్టనులోని సోవియట్ రాయబార కార్యాలయపు నకలు యంత్రమున చిన్న కెమేరాను రహస్యముగా అమర్చితిమని, ఆ పనిలో పాల్గొన్న యొక ఇంజనీరు చాలకాలమునకు పిమ్మట వెల్లడించెను. అనగా నాడు నకలును దొంగిలించుటకు గూఢచారి కావలసి వచ్చెను.

నేడు ఆ గూఢచారి యంత్రమునందే కాపురమున్నాడు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ అయస్కాంతపు పళ్ళెములపై సమాచారమును నిలుపు సాధనమును తొలిసారిగా విక్రయమునకు తెచ్చెను. 50 పళ్ళెములు గల ఆ భారీ యంత్రమున 50 లక్షల అక్షరములు పట్టెడివి. కాలక్రమమున ఆ సాధనము అరచేతిలో ఇమిడి, వేలకొలది పుటలను ఇముడ్చుకొనగలదయ్యెను. దీనినే హార్డ్ డిస్కు అందురు. 2000వ సంవత్సరము దాటిన పిదప పెద్ద కార్యాలయములకై తయారైన నకలు యంత్రములలోను, ప్రింటర్లలోను అనేకమునకు ఇట్టి డిస్కు అమర్చబడినది. యంత్రము కాగితమును ముందుగా అంకెలుగా మార్చి డిస్కుపై వ్రాసికొని, అటుపిమ్మట అచ్చు వేయును. కాగితము మన చేతికి వచ్చును. దాని ప్రతి యంత్రపు కడుపున మిగిలిపోవచ్చును.

పని తీరగానే యంత్రము దానిని చెరుపదా యని మీరడుగవచ్చును. చెరిపితిననియే చెప్పును. కాని సామాన్యముగా అది చెరుపునది విషయసూచికలోని పంక్తిని మాత్రమే. దస్తావేజుల పుస్తకమున సూచికలోని పేరు కొట్టివేసినంత మాత్రమున లోపలి పుటలు చిరిగిపోవు గదా! ఆ చోట వేరొక వ్రాత పడువరకు పాత వ్రాత అచ్చటనే యుండును. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునకు చెందిన ఇరువురు విద్యార్థులు 158 పాత డిస్కులను సంతలలో కొని పరీక్షించి, తమ ఫలితములను 2003లో ప్రకటించిరి. పనిచేయుచుండిన 129 డిస్కులలో సరిగా శుభ్రపరుపబడినవి 12 మాత్రమే.

2010లో నకలు యంత్రముల విషయమును సి.బి.ఎస్. అను అమెరికా వార్తాసంస్థ పరీక్షింపజేసెను. న్యూజెర్సీలోని గిడ్డంగి నుండి నాలుగు పాత యంత్రములను కొని, వాని డిస్కులను ఊడదీసి చదివించిరి. ఒకటి బఫెలో నగర పోలీసులలో స్త్రీలపై జరుగు అత్యాచారాది నేరములను విచారించు శాఖది. బాధితుల ఫిర్యాదులు అందుండెను. వేరొకటి అఫినిటీ అను ఆరోగ్యబీమా సంస్థ అద్దెకు వాడి తిరిగి యిచ్చినది. రోగుల వ్యాధి వివరములు, మందుల చీటీలు అందు దొరకినవి. ఆ సంస్థయే 3,44,579 మంది వివరములు బయటపడి యుండవచ్చునని అంచనా వేసెను. 2013లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖకు 12,15,780 డాలర్లు చెల్లించుకొనెను. డబ్బు ప్రభుత్వమునకు చేరినది. బయటపడిన రహస్యము మాత్రము ఎవరికిని తిరిగి చేరదు.

మరి నిజముగా చెరుపు మార్గమేది? 1996లో న్యూజిలాండు పండితుడు పీటరు గుట్మను, ఆనాటి డిస్కులకై 35 పర్యాయములు పైపై వ్రాయు పద్ధతిని సూచించెను. పిదప డిస్కుల నిర్మాణము మారినది. 2006లో అమెరికా ప్రమాణముల సంస్థ, 2001 తరువాతి డిస్కులలో అధికభాగమునకు ఒక్కమారు పూర్తిగా పైన వ్రాసిన చాలునని తెల్పెను. అయస్కాంతపు డిస్కు కాక ఫ్లాష్ అను జ్ఞాపకసాధనము ఉన్నచో పైవ్రాత చాలదు; అది క్రొత్త వ్రాతను తరచుగా వేరొక చోట నుంచి, పాతదానిని అట్లే విడుచును. అట్టి చోట తయారీదారు చేర్చిన ప్రత్యేకపు చెరుపు ఆజ్ఞను వాడవలెను. మొదటినుండియు గూఢలిపిలో వ్రాయు యంత్రమైనచో దాని తాళపుసంకేతమును నాశనము చేసిన చాలును. ఇవేవియు కుదరనిచో, డిస్కును ఊడదీసి ముక్కలు చేయించుట కడపటి ఉపాయము. తాటాకుకు అగ్ని యెట్టిదో డిస్కునకు ఇది యట్టిది.

2023లో భారత పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును, పని తీరిన సమాచారమును, ఇతర శాసనములు నిలుపుమని కోరనిచో, చెరిపివేయవలెనను నియమమును చేర్చినది. చట్టము మంచిదే. కాని యంత్రమునందు డిస్కు ఉన్నదని తెలియనివాడు దానిని చెరుపుట యెట్లు?

కావున పెద్దలారా! ఇంటనుండు చిన్న ప్రింటరులో సాధారణముగా ఇట్టి డిస్కు ఉండదు. దానికై కలతపడ వలదు. కాని మీలో పంచాయతీ సభ్యులు కలరు, సహకార సంఘముల డైరెక్టర్లు కలరు, పాఠశాల కమిటీలలో పెద్దలు కలరు. పాత యంత్రమును అమ్మునపుడుగాని, అద్దె యంత్రమును తిరిగి యిచ్చునపుడుగాని, ‘దీనిలో డిస్కు కలదా? ఎట్లు చెరిపితిరి? ఎవరు చెరిపిరి?’ అను మూడు ప్రశ్నలడిగి, సమాధానమును వ్రాతమూలముగా తీసికొని దస్త్రమున నుంచుడు. కాగితము నిచ్చినవాడు మనలను నమ్మి యిచ్చినాడు. దానిని భద్రపరుచుట ఎంత ధర్మమో, వేళ వచ్చినప్పుడు పూర్తిగా మాపుటయు అంతే ధర్మము.