హైదరాబాదు చేజార్చుకున్న సినిమా

ధీరేంద్రనాథ్ గంగూలీ హైదరాబాదుకు మొదట వచ్చింది సినిమాలు తీయడానికి కాదు, బొమ్మలు వేయడం నేర్పడానికి. శాంతినికేతన్‌లో చదివిన ఈ బెంగాలీ కుర్రవాడు నిజాం ఆర్ట్ స్కూల్లో పెద్ద పంతులుగా చేరాడు. వేషాలంటే పిచ్చి. ఆడ వేషం, మగ వేషం అన్నీ తానే కట్టి, ఫొటోలు తీసుకుని 1915లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆ ఫొటోలే ఆయన్ని సినిమాలోకి లాక్కెళ్లాయి. 1921లో కలకత్తాలో ఆయన సినిమా ‘బిలాత్ ఫెరత్’ విడుదలైంది. సీమకెళ్లి దొరలా తిరిగొచ్చినవాణ్నీ, ఇంటిపట్టున ఛాందసం వదలని పెద్దల్నీ ఒకే తెరమీద నిలబెట్టి నవ్వించాడు.

1922లో మళ్లీ హైదరాబాదు చేరాడు. నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఆదరణతో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. స్టూడియో, ల్యాబు, రెండు సినిమా హాళ్లు అమరాయి. ‘ఇంద్రజిత్’, ‘యయాతి’, ‘హరగౌరి’, ‘చింతామణి’ వంటి చిత్రాలు వరసగా వచ్చాయి. వాటి మధ్య ‘లేడీ టీచర్’ అని ఒకటుంది. నా మనసు దానిదగ్గరే ఆగిపోతుంది. ఆడవాళ్లు తెరమీద కనబడటమే తప్పనుకున్న రోజులవి. మద్రాసులో రఘుపతి వెంకయ్య కంపెనీ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’లో గంగ వేషానికి పెగ్గీ కాస్టెలో అనే దొరసానిని తీసుకోవలసి వచ్చింది. అలాంటి కాలంలో, నిజాం రాజ్యంలో, పాఠం చెప్పే ఆడదాని పేరుమీద ఒక సినిమా! ఆ పంతులమ్మను గౌరవించారో, ఎగతాళి చేశారో చూసి తేల్చుకుందామంటే లోటస్ చిత్రాల్లో ఒక్కటీ మిగల్లేదు.

1924లో గంగూలీ తన హాల్లో ‘రజియా బేగం’ ఆడించాడు. అది ఆయన తీసింది కాదు, బొంబాయి నుంచి వచ్చింది. 1236లో ఢిల్లీ గద్దెనెక్కిన రజియా, చరిత్రలో యాకూత్ అనే హబ్షీతో చనువు వల్ల నిందలు మోసింది. సినిమాలో ముస్లిం రాణి హిందువును ప్రేమిస్తుంది. నిజాం మండిపడ్డాడు. ఇరవై నాలుగు గంటల్లో రాజ్యం విడిచి పొమ్మన్నాడంటారు. ముందు ఆదరించిన చెయ్యే అది. ఊరికి ఒక కొత్త కళ తెచ్చినవాడు, తాను రాయని కథకు, తాను తీయని బొమ్మకు దండన అనుభవించాడు. రెండేళ్లలో కట్టినదంతా ఒక్క హుకుంతో నేలకూలింది. నాకిది ఇవాళ్టికీ అన్యాయంగానే తోస్తుంది.

తెరమీద ఎవరు ఎవర్ని ప్రేమించవచ్చో పైవాళ్లు నిర్ణయించడం ఇక్కడే జరగలేదు. హాలీవుడ్ నిర్మాతలు 1927లో రాసుకున్న నిషేధాల జాబితాలో తెల్లవారికీ నల్లవారికీ మధ్య సంబంధం చూపకూడదన్నది ఒకటి. ఆ పట్టింపు నల్లవారితోనే ఆగలేదు. చైనా మూలాలున్న హాలీవుడ్ నటి ఆన్నా మే వాంగ్‌కు ‘ది గుడ్ ఎర్త్’లో చైనా రైతు భార్య పాత్ర దక్కలేదు. రైతు వేషం తెల్లవాడు పాల్ మునీది కనక, భార్య వేషం కూడా తెల్ల నటి లూయిస్ రైనర్‌కే పోయింది. 1937 నాటి ఆ పాత్రకు ఆమె ఆస్కార్ కూడా అందుకుంది. వాంగ్‌ను కాలిఫోర్నియా నుంచి ఎవరూ తరమలేదు. ఆమె పుట్టి పెరిగిన ఊళ్లోనే, ఆమె కళ్లముందే ఆ వేషాన్ని వేరొకరికి ఇచ్చారు.

గంగూలీ నిలదొక్కుకున్నాడు. కలకత్తా వెళ్లి బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ పెట్టాడు, దేవకీ బోసు వంటివాళ్లను వెంటబెట్టుకుని నడిచాడు. దెబ్బ తగిలింది మన ఊరికే. మూకీలు పోయి టాకీలు వచ్చాక తెలుగు సినిమా బొంబాయిలో, కలకత్తాలో, మద్రాసులో పెరిగింది. అమీర్‌పేటలో సారథి స్టూడియో 1950ల్లో గానీ రాలేదు. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు చిత్రంగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959 నాటిది. మల్కాజిగిరి, ఉప్పల్ వైపు ఉండేవాళ్లం సినిమా అనగానే నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియోనే తలుచుకుంటాం. అది వచ్చింది 1970ల్లో. అంతకు అర్ధశతాబ్దం ముందే ఈ నగరంలో స్టూడియో ఉండేదని చెబితే మా పక్కింటివాళ్లు నమ్మరు.

1975లో గంగూలీకి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్లు. మరో మూడేళ్లకు కన్నుమూశారు.