టెక్సాస్ హోల్డెమ్

టెక్సాస్ హోల్డెమ్ పోకర్ అనే పేకాటలో ఒక విధము. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో పుట్టినది.

ఆడే విధానము

జోకర్లు లేని 52 ముక్కల పేకతో ఆడుతారు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. తరువాత అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్లపై తెరచి పెడతారు: మొదట మూడు, పిమ్మట ఒకటి, చివరకు ఇంకొకటి. ముక్కలు పంచగానే ఒకసారి, ఉమ్మడి ముక్కలు తెరచిన ప్రతిసారి మరొకసారి, మొత్తము నాలుగు మారులు పందెము సాగుతుంది. ఇష్టము లేనివారు ముక్కలు పడవేసి తప్పుకొనవచ్చును. ఒక్కరే మిగిలితే పందెమంతా వారిదే. చివరి వరకు నిలిచినవారు ఏడు ముక్కలలో మేలైన ఐదింటిని ఎంచుకొంటారు. చేతిలోని రెండూ వాడి తీరవలెనన్న నియమము లేదు.

మూడు ముక్కలాటతో తేడా

మూడు ముక్కలాట తెలిసినవారు పోకర్‌లో పొరబడేది ఇక్కడే. ఆ ఆటలో ఒకే జాతి ముక్కలకంటె వరుస ముక్కలు పెద్దవి. పోకర్‌లో ఇది తలక్రిందులు. కారణము లెక్కలో ఉన్నది. వరుస, జాతి రెండూ కలిసినవి మినహాయిస్తే, మూడు ముక్కలలో వరుస 720 విధాలుగా, జాతి 1,096 విధాలుగా వస్తాయి. ఐదు ముక్కలలో వరుస 10,200 విధాలుగా, జాతి 5,108 విధాలుగా వస్తాయి. అరుదుగా వచ్చేదే పెద్దది.

చట్టము

ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు 2025లో చట్టము చేసినది.