చక్రాల ఇంటి దీపం

1915లో రోలండ్ కాంక్లిన్ అనే అమెరికన్ వ్యాపారి భార్యాబిడ్డలతో న్యూయార్కు సమీపంలోని లాంగ్ ఐలండ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరాడు. ఆ కుటుంబం ఎక్కిన వాహనానికి ‘జిప్సీ వాన్’ అని పేరు. కాంక్లిన్‌కు చెందిన బస్సుల కంపెనీయే దానిని తయారుచేసింది. అందులో పడకలు, వంటగది, పుస్తకాల అర, గ్రామఫోను, పైకప్పు మీద కూర్చోవడానికి చోటు ఉండేవి. వీటన్నిటికన్నా ముఖ్యంగా ఒక జనరేటరు, దానితో వెలిగే విద్యుద్దీపాలు ఉండేవి. ఆ కాలంలో అమెరికాలోని పల్లెటూరి ఇళ్ళలో అత్యధికం కిరోసిన్ దీపాలతోనే రాత్రులు గడుపుతున్నాయి. ఊళ్ళలోని ఇళ్ళకు లేని వెలుగు రోడ్డు మీద కదిలే ఇంటికి దక్కింది.

మోటర్‌హోమ్ చరిత్రను రాసేవారు సాధారణంగా బండి ఆకారాన్ని, ఇంజను బలాన్ని వర్ణించి ఊరుకుంటారు. పడకగది కిందనో, వెనక మూలనో ఇనుప అరలో దాగి ఉండే రెండవ ఇంజనును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నిజానికి బండిని ఇల్లుగా మార్చింది ఆ రెండవ ఇంజనే. ఆ ఇంట్లో ప్రాణాపాయానికి కారణం కాగలిగినదీ అదే.

దాని పూర్వీకులు పొలాలలో పుట్టాయి. ఓహాయోలోని డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ బృందం రూపొందించిన డెల్కో-లైట్ 1916లో మార్కెట్లోకి వచ్చింది. చిన్న ఇంజను, డైనమో, గాజు బ్యాటరీల వరుస కలిసి 32 వోల్టుల విద్యుత్తును రైతు ఇంటికి ఇచ్చేవి. 1920లో కోలర్ కంపెనీ 110 వోల్టుల యంత్రాన్ని తెచ్చింది. దీపం మీట నొక్కగానే ఇంజను తనంత తానే మొదలయ్యేది. అదే ఏడు మినియాపోలిస్‌లో డేవిడ్ ఓనన్ స్థాపించిన చిన్న కర్మాగారం మరికొన్నేళ్ళకు ఈ దారిలోకే వచ్చింది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పి పొలాల మీదుగా తీగలు లాగించడం మొదలుపెట్టాక ఇంటి జనరేటరు అవసరం క్రమంగా తగ్గింది. యుద్ధకాలంలో ఓనన్ యంత్రాలు సైన్యానికి వెళ్ళాయి. యుద్ధానంతరం తీగలు చేరని చోట్లను వెతుక్కుంటూ పడవలలోకి, ఐస్‌క్రీం బండ్లలోకి, చివరకు మోటర్‌హోమ్‌లలోకి చేరాయి.

అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో సంస్థ 1966లో మోటర్‌హోమ్‌ల తయారీ ప్రారంభించడంతో, అంతవరకు సంపన్నుల వినోదంగా ఉన్న బండి మధ్యతరగతికి అందింది. దీపాలకూ నీటి పంపుకూ 12 వోల్టుల బ్యాటరీ చాలు. పైకప్పు మీద ఎయిర్ కండిషనర్ వచ్చి కూర్చున్నాకే జనరేటరు తప్పనిసరి అయింది. కంప్రెసరు మొదలయ్యే క్షణాన గుంజే విద్యుత్తును ఆనాటి బ్యాటరీలు ఇవ్వలేవు. 1973 నుంచి 1978 వరకు జనరల్ మోటార్స్ తయారుచేసిన జీఎంసీ మోటర్‌హోమ్‌లలో చాలావాటికి వెనక అరలో ఓనన్ జనరేటరు అమర్చారు. దాదాపు పదమూడు వేల బండ్లతో ఆ తయారీ ఆగిపోయినా, వాటిని బాగుచేసుకుంటూ తిప్పేవారు నేటికీ ఉన్నారు. ఓనన్ సంస్థ 1986లో మొదలై 1992 నాటికి పూర్తిగా కమిన్స్ చేతికి వచ్చింది.

ఆ పాత యంత్రాలు నెమ్మదైనవి. నాలుగు ధ్రువాల జనరేటరు నిమిషానికి 1800 సార్లు తిరిగితే అమెరికాకు కావలసిన 60 హెర్ట్జ్ విద్యుత్తు వస్తుంది. 50 హెర్ట్జ్ వాడే భారతదేశంలో అలాంటి యంత్రం 1500 సార్లు తిరిగితే చాలు. చేత్తో మోసుకుపోయే చౌక జనరేటర్లు రెండే ధ్రువాలతో 3600 సార్లు తిరుగుతాయి. చప్పుడు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. నలభై ఏళ్ళ నాటి ఓనన్‌ను పారవేయకుండా బాగుచేయించాలనుకోవడంలో పాత వస్తువు మీది మమకారమే కాదు, ఈ లెక్క కూడా ఉంది.

ఇటువంటి యంత్రం వాడకం వల్ల అరిగేదానికన్నా వాడకపోవడం వల్ల చెడేది ఎక్కువ. ఏడాదిలో పది నెలలు బండి ఇంటి పక్కన నిలిచి ఉంటుంది. కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి, బంక వంటి పదార్థం సన్నని రంధ్రాలను పూడుస్తుంది. ఇథనాల్ కలిసిన ఇంధనం పాత రబ్బరు గొట్టాలను చీల్చుతుంది. మట్టితో గూడు కట్టే కందిరీగలు పొగ గొట్టంలో కాపురం పెడతాయి. ఇంజనును చల్లబరచే గాలి దారులలోకి ఎలుకలు గడ్డీ గుడ్డపీలికలూ చేరుస్తాయి. వైండింగ్‌లకు చెమ్మ పడుతుంది. బ్రష్షులు ఆనే రాగి వలయాల మీద కిలుము పడుతుంది.

అన్నిటికన్నా విచిత్రమైన రుగ్మత మరొకటి ఉంది. ఇంజను చక్కగా తిరుగుతుంది, విద్యుత్తు మాత్రం రాదు. దీని మూలం 1867లో ఉంది. ఫారడే 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న తరవాత చాలాకాలం జనరేటర్లలో శాశ్వత అయస్కాంతాలే వాడారు. ఇనుములో మిగిలిపోయే రవంత అయస్కాంతత్వం చాలునని, అది పుట్టించే కొద్దిపాటి విద్యుత్తునే మళ్ళీ చుట్టలోకి పంపితే అయస్కాంతం తనను తానే పెంచుకుంటుందని వెర్నర్ సీమెన్స్, చార్లెస్ వీట్‌స్టన్ విడివిడిగా గ్రహించారు. వారిద్దరి పరిశోధనా పత్రాలు 1867 ఫిబ్రవరి 14న, ఒకే రోజు, లండన్ రాయల్ సొసైటీలో చదవబడ్డాయి. అంతకు రెండు నెలల ముందే ఆల్ఫ్రెడ్ వార్లీ పేటెంటుకు దరఖాస్తు చేసి ఉన్నాడు. కీర్తి పంపకం ఎలా జరిగినా సూత్రం ఒకటే: మొదట్లో రవంత మిగిలి ఉండాలి. ఏళ్ళ తరబడి మూలన పడివున్న యంత్రంలో ఆ రవంత కూడా కొన్నిసార్లు నశిస్తుంది. అప్పుడు మెకానిక్కులు 12 వోల్టుల బ్యాటరీ తీగలను ధన, రుణ ధ్రువాలు తప్పకుండా బ్రష్షులకు క్షణంపాటు తాకించి ఇనుముకు దాని పాత విద్యను గుర్తుచేస్తారు. ఆగిన గుండెకు ఇచ్చే షాకుతో దీనిని పోల్చేవారున్నారు. కానీ పోలిక సరైనది కాదు. గుండె షాకు గతి తప్పిన లయను ఆపి సరిచేయడానికి. ఇక్కడ అసలు లేనిదానికి బీజం వేస్తున్నారు.

నెలకు ఒకసారి, కనీసం రెండు గంటలు, సామర్థ్యంలో సగం భారం మోపి నడపాలని ఓనన్ సూచనల పుస్తకాలు చెబుతాయి. అయిదు నిమిషాలు తిప్పి ఆపేస్తే ప్రయోజనం లేదు. చెమ్మ ఆరడానికి, నూనె అన్ని చోట్లకూ చేరడానికి, పాత ఇంధనం ఖర్చు కావడానికి ఆ వేడి, ఆ సమయం కావాలి. అయితే ఆ రెండు గంటలూ లోపల ఎవరైనా నిద్రపోతున్నారా అన్న ప్రశ్న ఉంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. బరువు ఇంచుమించు గాలితో సమానం కనుక అది నేలకు దిగదు, కప్పుకు చేరదు. గది అంతా పరచుకుంటుంది. 1850లలో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఈ వాయువు రక్తంలోని ఆక్సిజన్‌ను తొలగించి తాను కూర్చుంటుందని చూపాడు. 1890లలో బొగ్గుగని పేలుళ్ళలో మరణించిన వారిని పరిశీలించిన జాన్ స్కాట్ హాల్డేన్, చాలామంది చావుకు కారణం పేలుడు కాదని, తరవాత వ్యాపించిన ఈ వాయువని తేల్చాడు. తానే దానిని పీల్చి, తన రక్తాన్నే పరీక్షించుకున్నాడు. మనిషికన్నా ముందే సొమ్మసిల్లే చిన్న ప్రాణులను గనిలోకి తీసుకువెళ్ళాలన్న సలహా ఆయనదే. బ్రిటిష్ గనులలో కేనరీ పిట్టలకు 1986లో గాని విశ్రాంతి దొరకలేదు.

హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా ఈ వాయువుతో బంధం రెండు వందల రెట్లకు పైగా గట్టిది. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలో చేరినదానిలో సగం పోవడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర చాలు. తలనొప్పి, వికారం, నీరసం దీని తొలి లక్షణాలు. వీటిని ఫ్లూ అనో, దారిలో తిన్న తిండి పడలేదనో అనుకోవడం అతి సహజం. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. సాధారణ పరికరానికి ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌కూ, ఈ విషాన్ని మోసే హీమోగ్లోబిన్‌కూ తేడా తెలియదు. కోవిడ్ తరవాత ప్రతి ఇంట్లోనూ అది ఉంది కనుక, 98 అన్న అంకెను చూసి నిశ్చింతగా పడుకునేవారు ఉండవచ్చు.

కొండలలో పరిస్థితి మరింత జటిలం. వేసవి సెలవులలో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్‌కు వెళ్ళే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. అక్కడి సరస్సు సముద్రమట్టానికి 7,700 అడుగులకు పైన ఉంది. పలచని గాలిలో కార్బ్యురేటర్ ఇంజనుకు పెట్రోలు పాలు ఎక్కువై, సగం కాలిన ఇంధనం నుంచి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ అప్పటికే తక్కువ. ఇక తలనొప్పి వస్తే ‘ఎత్తు పడలేదు’ అనుకుంటారు. 1975 నుంచి అమెరికన్ కార్లకు ఉత్ప్రేరక కన్వర్టర్లు వచ్చాయి. ఈ పాత జనరేటర్లకు ఆ అదృష్టం లేదు. కారు పొగకన్నా వీటి పొగ అనేక రెట్లు ప్రమాదకరం. కరెంటు కోతల కాలంలో ఆంధ్ర బజారులలో దుకాణాల ముందు వరుసగా మోగిన చిన్న జనరేటర్లను చూసి పెరిగినవారికి ఆ చప్పుడూ వాసనా పరిచితాలే. కానీ అవి వీధిలో ఉండేవి. ఇది పరుపు కింద ఉంది.

2007 నుంచి అమెరికాలో అమ్మే చేతి జనరేటర్ల మీద, ఇంటి లోపల నడిపితే నిమిషాలలో ప్రాణం పోతుందన్న హెచ్చరిక తప్పనిసరి అయింది. మోటర్‌హోమ్‌లో అమర్చిన యంత్రానికి హెచ్చరికకన్నా ముందు కావలసింది తుప్పు పట్టని సైలెన్సరు. పునరుద్ధరణకు పూనుకున్నవారు కార్బ్యురేటర్‌తో మొదలుపెట్టి, వోల్టేజి సరిగా రాగానే సంబరపడి అరతలుపు మూసేస్తారు. పొగ గొట్టం బిగింపులు, అతుకులు, నేలపలకలో తీగలు దూరే రంధ్రాల చుట్టూ ఉన్న పూత అలాగే ఉండిపోతాయి. గొట్టం చివర బండి అంచు దాటి బయటికి ఉండాలి. కిందికి వంగి ఆగిపోతే, పక్క గోడ వెంట పొగ పైకి పాకి తెరిచిన కిటికీలోకి వెళుతుంది. పక్కన ఆగిన బండి జనరేటరు పొగ కూడా ఆ దారినే రావచ్చు.

పడక దగ్గర గోడకు ఉండే కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరుకూ ఆయుష్షు ఉంది. సాధారణంగా అయిదు నుంచి ఏడేళ్ళు, రకాన్ని బట్టి పదేళ్ళు. మీట నొక్కితే కూత వినిపిస్తుంది. కానీ ఆ పరీక్షలో తెలిసేది బ్యాటరీ, గంట పనిచేస్తున్నాయని మాత్రమే. లోపలి సెన్సరు సంగతి తెలియదు. తయారైన తేదీ పెట్టె వెనకవైపు ముద్రించి ఉంటుంది. రెండు మరలు విప్పితే కనిపిస్తుంది.